మూడో కౌంటర్లో ముగియని డ్యూటీ

బేగంబజార్‌లో ఎండుమిరప గోడౌన్ల వెనక గల్లీలో ఒక రాతి మేడ ఉంది. కింద పార్సిల్ గోడౌన్, మీద బుకింగ్ ఆఫీసు. దాని పేరు చెప్పను. ఓనరు ఇంకా బతికే ఉన్నాడు, నాకూ ఇంకొన్నాళ్లు బతకాలనే ఉంది.

ఆ మేడ మెట్లు రాత్రి ఎనిమిది దాటాక ఎక్కమంటే, క్వింటాలు బస్తాను వీపు మీద వేసుకుని పరిగెత్తే హమాలీలు కూడా ఉన్నట్టుండి జేబులో లేని బీడీ వెతుక్కునేవాళ్లు. పైన హాల్లో గోడ వెంట నాలుగు కౌంటర్లు. ఒకటీ, రెండూ, నాలుగూ మామూలువే.

మూడోది మంచిది కాదు.

2003 ఆగస్టులో ఒక గురువారం రాత్రి, ఆ మూడో కౌంటర్లో కూచున్న మనిషిని కూచున్నట్టే చంపారు. హమాలీ కొక్కెంతో. బస్తాలోకి కొక్కెం ఎట్లా దించుతారో అట్లాగే మెడ పక్కన దించి... వెనక్కి లాగారు. రక్తం ఎదురుగోడ మీది క్యాలెండరు దాకా ఎగిరింది. కీబోర్డు అక్షరాల సందుల్లో పేరుకుంది.

దెయ్యాల గురించి సొంతంగా రాసేంత గుండె నాకు లేదు. రాత్రిపూట మంచినీళ్లకు లేవాలన్నా ఇంట్లోవాళ్లను పేరుపేరునా పలకరించుకుంటూ వెళ్లే రకం. అందుకని లక్ష్మీకాంత్ చెప్పింది చెప్పినట్టు, అదీ పగటిపూట కూచుని రాస్తున్నాను.

లక్ష్మీకాంత్ ఆ ఆఫీసుకు ప్రోగ్రాం రాసినవాడు. మాదన్నపేటలో ఉండేవాడు. తండ్రి గుంటూరు నుంచి సర్కారీ నౌకరీకి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. కొడుక్కు బీకాం కుదరలేదు, కంప్యూటరు కుదిరింది. అదీ ఎవరూ నేర్పలేదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న పాత పుస్తకమే గురువు. విషయసూచికలో పద్నాలుగు అధ్యాయాలు, పుస్తకంలో పన్నెండు. చివరి రెండూ ఎవరో చింపుకుపోయారు. "పన్నెండు వస్తే చాలదా, మిగతావి తెలివితో లాగేద్దాం" అనుకున్నాడు లక్ష్మీకాంత్.

పదమూడో అధ్యాయం పేరు — సెషన్ ముగించడం.

సెషన్ అంటే పెద్ద విద్యేమీ కాదు, నాకే అర్థమైంది. క్లర్కు వచ్చి తన పేరూ రహస్యపదమూ కొడితే సర్వరు వాడికో చీటీ రాసి పెట్టుకుంటుంది. ఆ చీటీ ఉన్నంతసేపు మనిషి లోపల ఉన్నట్టే లెక్క. సర్వరుకు కళ్లు లేవు. మనిషి లేచి వెళ్లిపోయినా దానికి తెలీదు. వెళ్లేవాడు బటన్ నొక్కి చెప్పి వెళ్లాలి. లేదంటే, ఇంతసేపు ఉలుకూపలుకూ లేకపోతే పోయినట్టే అని మనమే ఒక గడువు పెట్టాలి.

లక్ష్మీకాంత్ ఆ గడువు పెట్టలేదు. మొదట్లో పెట్టాడు గానీ, పార్టీలతో బేరం తెగేలోపల గడువు తీరిపోయి క్లర్కులు బయటపడేవాళ్లు, మళ్లీ మొదట్నుంచి కొట్టుకోలేక అతన్ని తిట్టేవాళ్లు. పుస్తకంలో ఏదో మూల చిన్న అక్షరాల్లో ఒక కిటుకు కనబడింది. గడువు దగ్గర మైనస్ ఒకటి అని రాస్తే... సెషన్ ఎన్నటికీ ముగియదు. రాసేశాడు. పని చేసింది. ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

చనిపోయినవాడు కృపాకర్. నైట్ బుకింగ్ క్లర్కు. నెమ్మదస్తుడు. డ్యూటీ దిగేటప్పుడు "డ్యూటీ ముగిసింది" అన్న బటన్ నొక్కడం ఒక్కరోజు కూడా మరచిపోనివాడు. మిగతావాళ్లకు లక్ష్మీకాంత్ పదిసార్లు గుర్తు చెయ్యాల్సి వచ్చేది.

ఆ గురువారం మాత్రం నొక్కలేదు.

శుక్రవారం రాత్రి అందరి తెరల మీదా కుడిపక్కన, డ్యూటీలో ఉన్నవాళ్ల పేర్ల వరసలో, పచ్చచుక్క పక్కన — కృపాకర్. కౌంటర్ 3.

అప్పటికి మూడో కౌంటర్లో కంప్యూటరే లేదు. పోలీసులు దాన్ని గోనెసంచిలో చుట్టి పట్టుకుపోయారు. బల్ల మీద దుమ్ములో నలుచదరపు గుర్తు మాత్రం మిగిలింది.

ఆఫీసంతా ఒక్క పరుగున కిందికి దిగింది. లక్ష్మీకాంత్‌ను పిలిపించారు. చూశాడు. ఏం జరిగిందో అతనికి అరనిమిషంలో అర్థమైంది. అది తను పెట్టిన మైనస్ ఒకటి. మనిషి పోయాడు, చీటీ పోలేదు. సర్వరు ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. పేరు మళ్లీ వచ్చింది! అదెందుకో మాత్రం అతనికి తెలీదు. పదమూడో అధ్యాయంలో ఉండి ఉంటుంది.

చుట్టూ ముప్పై మంది హమాలీలు. పక్కన సూపర్‌వైజర్ వెంకటనారాయణ. "ఏంది సార్ ఇది? మీ ప్రోగ్రాంల తప్పా?"

నాకు రాదు అని చెప్పడం కష్టం. ముప్పై మంది ముందు మరీ కష్టం.

"నా ప్రోగ్రాంలో తప్పేం లేదండీ" అన్నాడు లక్ష్మీకాంత్ గొంతు తగ్గించి. "ఇక్కడ... ఇంకేదో ఉంది."

అంతే అన్నాడు.

ఆ ఒక్కమాట ఆ రాత్రే ధూల్‌పేట్ దాకా పోయింది. కృపాకర్ కుర్చీ వదల్లేదట. చంపినోడు ఈ మేడలోనే ఉన్నాడట. వాడు దొరికేదాకా డ్యూటీ దిగడట. వారం తిరిగేసరికి ఆ మాటకు ఒక మనిషి పేరు కూడా అతుక్కుంది. రాజన్న.

రాజన్న ముసలి హమాలీ. ఆ గురువారం సాయంత్రం బస్తాల తూకం మీద కృపాకర్‌తో లొల్లి పెట్టుకున్నాడు. కొక్కెం పిడికి నీలం వైరు చుట్టుకునే అలవాటున్న హమాలీ అక్కడ అతనొక్కడే. ఆ నీలంవైరు కొక్కెం ఆ రాత్రి నుంచీ కనబడటం లేదు. "ఎవడో ఎత్తుకపోయిండు" అనేవాడు. పోలీసులు మూడు రోజులు ఉంచుకుని, ఏమీ దొరక్క వదిలేశారు. తోటివాళ్లు వదల్లేదు. పదోరోజున గోడౌన్ నీళ్ల సంపు దగ్గర పడేసి కొట్టారు. ముందుపళ్లు రెండు రాలాయి.

ఆ వార్త విన్న రాత్రి లక్ష్మీకాంత్‌కు నిద్ర పట్టలేదు. కోఠిలో తెలిసినవాళ్ల దగ్గర పూర్తి పుస్తకం ఉందంటే పొద్దున్నే వెళ్లి పదమూడో అధ్యాయం జిరాక్స్ తీయించుకున్నాడు. పేరు తీసేస్తే ఈ గోల చల్లారుతుంది, రాజన్నను వదిలేస్తారు. అదీ అతని ఆశ.

పదకొండో రోజు, సోమవారం. ఓనరు ఊళ్లో లేడు. సాయంత్రం ఆఫీసులో కూచుని ప్రోగ్రాం మార్చాడు. ఇకమీద అరగంట ఎవరూ తాకని సెషన్‌ను సర్వరే ముగించేస్తుంది. పనిలో పనిగా ఎంక్వైరీ చూసే ఆండాలు తెర మీద ప్రతి పేరు పక్కనా "పంపెయ్" అని చిన్న బటన్ కూడా పెట్టాడు. ఆండాలుది ఒకటో కౌంటర్. మితంగా మాట్లాడే మనిషి. ఆ గురువారం తర్వాత అదీ తగ్గించేసింది.

"సరిగ్గా ఎనిమిదికి సర్వరు మళ్లీ మొదలుపెడతానమ్మా. ఎనిమిదిన్నరకు కృపాకర్ పేరు దానంతటదే పోతుంది" అన్నాడు. "ఒకవేళ పోకపోతే మీరీ బటన్ నొక్కండి."

ఆండాలు ఆ బటన్ వైపు చాలాసేపు చూసింది. "నొక్కితే... పోతడా?"

"పేరండీ. పేరు పోతుంది."

వెనకనుంచి ఎవరో చిన్నగా దగ్గారు. వెంకటనారాయణ.

"శభాష్ సార్! ఎనిమిదిన్నరకు పక్కానా?"

"పక్కా" అన్నాడు లక్ష్మీకాంత్. ఛాతీ మళ్లీ రెండంగుళాలు పెరిగింది.

ఎనిమిదికి సర్వరు ఆపి, మొదలుపెట్టాడు. తెర తెల్లబడింది... ఒక్కో పేరూ తిరిగి వచ్చింది. అన్నిటికంటే ముందు వచ్చింది — కృపాకర్. పచ్చచుక్క.

సరే, అరగంట. గోడగడియారం చూసుకున్నాడు.

అప్పుడు మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. ఒకరిద్దరివి కాదు. చెక్కమెట్లు కిర్రుమంటున్నాయి. ఎనిమిది దాటాక పైకి రానివాళ్లు... అందరూ వస్తున్నారు. మధ్యలో దేన్నో మెట్టు మెట్టుకూ కొట్టుకుంటూ ఈడ్చుకొస్తున్నారు.

రాజన్నను.

మెడలో సుతిలి తాడు. మొహం ఒకవైపు వాచి కన్ను కనబడటం లేదు. లాగుతున్నది ఎల్లయ్య, హమాలీల మేస్త్రీ, కృపాకర్‌తో పదేళ్ల దోస్తీ. రాజన్నను తెచ్చి మూడో కౌంటర్ కుర్చీలో కుదేసి, చేతులు కుర్చీ చేతులకు కట్టేశాడు. బిగించినప్పుడు తాడు కింద చర్మం లేచింది. రాజన్న అరవలేదు. అరిచే ఓపిక సంపు దగ్గరే అయిపోయింది.

"ఏం చేస్తున్నారండీ?" లక్ష్మీకాంత్ లేచాడు.

"మీరు కూసోండ్రి సార్. మీరే అన్నరు కద — ఇంకేదో ఉందని" అన్నాడు ఎల్లయ్య. "ఇయ్యాల తేలిపోవాలె. చంపినోడు కుర్చీల కూసుంటే కృపాకర్ ఊకుంటడా? పేరు పోయిందనుకో... వీడే. ఇక్కన్నే ఖతం."

"పోకపోతే?"

"పోకపోతే వీని కాళ్లు మొక్కుత."

ఆండాలు ముందున్న తెరను అందరికీ కనబడేట్టు తిప్పారు. ట్యూబులైటు ఒకటి కొట్టుకుంటోంది. ముప్పై మంది ఊపిరి. మిరపఘాటు.

కృపాకర్. పచ్చచుక్క.

ఎనిమిదీ పది.

లక్ష్మీకాంత్ గోడగడియారం చూశాడు. పేరు పోతుంది. ఎనిమిదిన్నరకు తప్పకుండా పోతుంది. ఆ కుర్చీలో ఎవరు కూచున్నా పోతుంది. దేవుడు కూచున్నా పోతుంది...

ఎనిమిదీ పదిహేను.

ఎల్లయ్య తన కొక్కేన్ని అరచేత్తో తుడుచుకుంటున్నాడు. పదునైన మొన మీద ట్యూబులైటు వెలిగి ఆరుతోంది.

లక్ష్మీకాంత్ చూపు వెంకటనారాయణ మీద పడింది. అందరూ తెర చూస్తున్నారు, ఆయన చేతిగడియారం చూసుకుంటున్నాడు. ప్రశాంతంగా... బస్సు కోసం నిలబడ్డవాడిలా.

"ఎల్లయ్యా" అన్నాడు లక్ష్మీకాంత్ నోరు తడుపుకుని, "ఈ ఆలోచన ఎవరిది?"

"సూపర్‌వైజర్ సార్‌ది. ఏంది?"

వెంకటనారాయణ తలెత్తి లక్ష్మీకాంత్ వైపు చూశాడు. కొంచెం... నవ్వాడు కూడా.

రాజన్నను ఇరికించే ఎత్తు ఇదని అప్పుడర్థమైంది లక్ష్మీకాంత్‌కు. ఎనిమిదిన్నర అని ఈయనకు చెప్పింది ఎవరు? తనే. పక్కా అన్నది ఎవరు? తనే. కానీ ఆ మాట ఇప్పుడంటే సాక్ష్యం ఏది? ఒక నవ్వు. ఆయన మీద చెయ్యెత్తి చూపిస్తే ఈ ముప్పై మంది నమ్మరు. నమ్మితే ఇంకా ఘోరం, అక్కడికక్కడే చీల్చేస్తారు.

ఎనిమిదీ ఇరవైరెండు.

"ఆగండి!" అరిచాడు. "అది దెయ్యం కాదు. ఏమీ కాదు. నా తప్పు. నేను గడువు పెట్టలేదు, అందుకే పేరు ఉండిపోయింది. ఇవాళ పెట్టాను. ఎనిమిదిన్నరకు పేరు పోతుంది. ఆ కుర్చీలో ఎవరున్నా పోతుంది!"

హాలు ఒక క్షణం అతన్ని చూసింది. తర్వాత ఎవరో వెనకనుంచి ఫక్కున నవ్వారు.

"మొన్న దెయ్యమంటివి. ఇయ్యాల ప్రోగ్రామంటున్నవు" అన్నాడు ఎల్లయ్య. "వీని పెండ్లాం వచ్చి ఏడ్చిందా సార్ నీ దగ్గర?"

"నిజంగా చెప్తున్నానండీ—"

"నీకు ఏది రాకపోతే గది దెయ్యమా? ఏది ఆపాల్నో గది ప్రోగ్రామా?"

ఆ మాటకు జవాబు ఇప్పటికీ వెతుక్కుంటున్నానని నాతో అన్నాడు లక్ష్మీకాంత్.

ఎనిమిదీ ఇరవైఆరు. రాజన్న తల ఎత్తాడు. వాచిన పెదాల్లోంచి మాట గాలిలా వచ్చింది. "సార్... నేను సంపలే."

అంతవరకూ లక్ష్మీకాంత్ ఏ గొడవలోనైనా మెల్లగా చెప్పులు వేసుకునే రకమే. ఆ రాత్రి తన కాళ్లు తలుపు వైపు కాకుండా మూడో కౌంటర్ వైపు ఎందుకు నడిచాయో అతనికే తెలీదు.

"ముందు నన్ను కూచోబెట్టండి."

"ఏందీ?"

"పేరు ఎవరున్నా పోతుందన్నాను కదా. నేను కూచుంటాను. పోతే... నన్నే అనుకోండి."

వెంకటనారాయణ మొహంలో నవ్వు చెదిరింది. "టైంపాస్ ఎందుకు సార్! ఎల్లయ్యా, గాయనను పక్కకు జరుపు—"

కానీ ఎల్లయ్యకు ఆ పంతం నచ్చింది. రాజన్న కట్లు కోసి కిందికి తోశాడు. రాజన్న బస్తాలా పడ్డాడు. లక్ష్మీకాంత్ కూచున్నాడు. కుర్చీ మెత్త ఇంకా గట్టిగా, పెళుసుగా ఉంది. ఎండిన రక్తం. ఎల్లయ్య వెనక నిలబడి కొక్కెం మొన అతని మెడ పక్కన ఆనించాడు. సరిగ్గా... అక్కడే.

ఎనిమిదీ ఇరవైతొమ్మిది.

అమ్మ గుర్తొచ్చిందని చెప్పుకోవాలని ఉంది గానీ, అతనికి గుర్తొచ్చింది జిరాక్స్. రెండు పేజీలు మసకగా వచ్చాయి. చదవలేదు.

ఎనిమిదిన్నర.

కృపాకర్. పచ్చచుక్క.

ఎనిమిదీ ముప్పైఒకటి... ముప్పైరెండు... పేరు కదల్లేదు.

సంతోషపడాలో, తన ప్రోగ్రాం మళ్లీ పనిచెయ్యనందుకు సిగ్గుపడాలో తెలియని స్థితి. అంతలో మెదడులో పిడుగు పడింది. ఆండాలు! పోకపోతే నొక్కండి అని తనే చెప్పాడు.

కళ్లు తిప్పాడు. తల తిప్పితే కొక్కెం దిగుతుంది. ఒకటో కౌంటర్లో ఆండాలు తన చేతిని బల్ల మీద మెల్లగా... మెల్లగా మౌస్ వైపు జరుపుతోంది.

వద్దు అన్నట్టు తల అర అంగుళం ఆడించాడు. మొన చర్మం తెంచింది. వెచ్చగా ఒక చార కాలర్లోకి జారింది. ఆండాలు చూసింది. ఆ చెయ్యి ఆగింది. వెనక్కి పోలేదు, అక్కడే ఆగింది.

ఎనిమిదీ నలభైకి ఎల్లయ్య కొక్కెం దించాడు. "ఈ సార్ కాదు" అన్నాడు, కొంచెం నిరాశగానే. "అందరు కూసోవాలె. ఆ రాత్రి మేడల ఉన్నోళ్లు అందరు. ముందుగాల నేను."

కూచున్నాడు. పేరు పోలేదు. రాజన్నను మళ్లీ లేపి కూచోబెట్టారు. పోలేదు. ఒక్కొక్కరూ వచ్చారు. కొందరు వణికారు, ఒకడు అక్కడే ఉచ్చ పోసుకున్నాడు. పేరు ఎవరికీ కదల్లేదు. పచ్చచుక్క అందర్నీ చూస్తూనే ఉంది.

"సూపర్‌వైజర్ సాబ్, మీరు గూడ."

"నేనెందుకురా?"

"ఆ రాత్రి మీరు పైననే ఉంటిరి."

వెంకటనారాయణ తెర చూశాడు, లక్ష్మీకాంత్‌ను చూశాడు. ఈ కుర్రాడి ప్రోగ్రాం మళ్లీ చెడిపోయింది, అంతే కదా! భుజాలు దులుపుకుని, నవ్వుకుంటూ వచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకున్నాడు.

"చూడుండ్రి. తృప్తిగ—"

ట్యూబులైటు టక్‌మంది.

పేరు పోయింది.

పచ్చచుక్క ఉన్నచోట తెల్లటి ఖాళీ.

వెంకటనారాయణ ఆ ఖాళీని చూస్తూ ఉండిపోయాడు. నవ్వు పెదాల మీదే ఉంది, కళ్లు మాత్రం ఎక్కడికో పోయాయి. మెడ మీద చెయ్యి వేసుకున్నాడు... ఎవరో తాకినట్టు. మెల్లగా వెనక్కి తిరిగాడు. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

"కృపాకర్..." అన్నాడు గోడతో. "నువ్వు ఊకె ఉంటే అయిపోతుండె గదరా! తూకం తప్పు రాస్తే ఏం పోతుండె నీకు? బస్తాలు నీ అయ్యవా?"

ఎల్లయ్య మొదటి దెబ్బ వేశాడు. కొక్కెం భుజంలో దిగి ఎముకకు పట్టుకుంది. లాగితే రాలేదు, మనిషే కుర్చీతో సహా వచ్చాడు. ఆ తర్వాత ఎవరు ఏది వేశారో తెలీదు. కాళ్లు, తూకంరాళ్లు, కుర్చీ విరిగి దాని కాళ్లు. చిత్రం ఏమిటంటే, రాజన్నను నిన్న కొట్టిన చేతులే ఇవి. అదే ఊపు, అదే భక్తి. లక్ష్మీకాంత్ "ఆపండి, ఆపండి" అంటూ ఎవరి నడుమునో పట్టుకున్నాడు. విదిలిస్తే వెళ్లి నాలుగో కౌంటర్‌కు గుద్దుకున్నాడు. నుదురు చిట్లింది.

ఆపింది రాజన్న. పాక్కుంటూ వచ్చి, వెంకటనారాయణ మీద అడ్డంగా పడ్డాడు. అతని వీపు మీద కూడా రెండు దెబ్బలు పడ్డాయి.

"సంపకుండ్రి!" ముందుపళ్లు లేని నోటితో అరిచాడు. "వీడు సస్తే ఎవడు చెప్తడు? రేపు మల్ల నేనే సంపిన్నంటరు. నాకు వీని నోరు గావాలె!"

చేతులు ఆగాయి.

రాజన్న ఆ రక్తపు మొహం మీదికి వంగాడు. "నా కొక్కెం ఏది?"

వెంకటనారాయణ పెదాలు కదిలాయి.

"సంపుల... ఏసిన."

పోలీసులు వచ్చి అర్ధరాత్రి సంపు తోడించారు. అడుగున బురదలో నీలం వైరు చుట్టిన కొక్కెం. పదకొండు రోజులుగా ఆఫీసంతా ఆ సంపు నీళ్లే తాగారు. చాయ్ కూడా ఆ నీళ్లతోనే. అది తెలిశాక ఎల్లయ్య గల్లీలో గోడ పట్టుకుని తెల్లారేదాకా కక్కుతూనే ఉన్నాడు.

వెంకటనారాయణ బతికాడు. కుడిచెయ్యి బతకలేదు. బస్తాలు ఎలా మార్చేవాడో, తూకం చిట్టీలు ఎలా దిద్దమన్నాడో అంతా చెప్పాడు. రాజన్న మీద కేసు పోయింది. ఎల్లయ్య అందరి ముందూ అతని కాళ్లు పట్టుకున్నాడు. రాజన్న పట్టుకోనిచ్చాడు, అంతే.

మర్నాడు మధ్యాహ్నం లక్ష్మీకాంత్ నుదుటి మీద పట్టీతో ఆఫీసుకు వచ్చి, మసక జిరాక్స్ రెండు పేజీలూ కళ్లు చికిలించుకుని చదివాడు. అన్నీ అందులోనే ఉన్నాయి. సర్వరు పడుకునేటప్పుడు చీటీలన్నీ మూటకట్టి దాచుకుని, లేచాక విప్పుకుంటుందట. అందుకే పేరు తిరిగి వచ్చేది. పాత చీటీలకు పాత గడువే వర్తిస్తుందట. అందుకే కొత్త అరగంట కృపాకర్‌ను తాకలేదు. అతని చీటీ మీద మైనస్ ఒకటే ఉంది. తనంతట తానుగా అది ఎన్నటికీ ముగిసేది కాదు.

అంటే ముగించింది ఆండాలే.

లక్ష్మీకాంత్‌కు గుండె నిండిపోయింది. ఎంత ధైర్యం! ఆ గురువారం రాత్రి ఆమె ఏదో చూసే ఉంటుంది. నోరు విప్పడానికి భయపడింది. సరైన మనిషి కూచునేదాకా చెయ్యి అట్లాగే పట్టుకుని... అప్పుడు నొక్కింది.

రుజువు కోసం లాగ్ తెరిచాడు. ఏ సెషన్ ఎప్పుడు, ఎట్లా ముగిసిందో సర్వరు అందులో రాసుకుంటుంది. మూడే రకాలు. గడువు తీరింది. పంపేశారు. స్వయంగా ముగించారు.

8:52. కృపాకర్. స్వయంగా ముగించారు. కౌంటర్ 3 నుంచి.

మూడో కౌంటర్ వైపు చూశాడు. ఖాళీ బల్ల. దుమ్ములో నలుచదరపు గుర్తు. కంప్యూటరు పోలీసుల దగ్గర, గోనెసంచిలో.

ఒక్క క్షణమే భయపడ్డాడు. తర్వాత నవ్వొచ్చింది. తను రాసిన లాగ్ కదా! "పంపేశారు" అని రాయాల్సిన చోట తప్పు రాసి ఉంటాడు. తన సంగతి తనకు తెలీదా? హాయిగా ఊపిరి పీల్చుకుని ఒకటో కౌంటర్ దగ్గరికి వెళ్లాడు.

"చాలా మేలు చేశారమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "సరిగ్గా ఆయన కూచున్నప్పుడే నొక్కారు. మీరు చూశారు కదూ ఆ రోజు?"

ఆండాలు తలెత్తింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూసిన సార్. మెట్ల కాడ్నించి చూసిన. చెప్తే నన్ను గూడ సంపుతడని ఊకున్న." కొంగుతో మొహం తుడుచుకుంది. "నిన్న ఆయన కూసున్నడు గద... ఇప్పుడు నొక్కాలె అనుకున్న. మౌస్ పట్టుకున్న. బటన్ మీదికి తెచ్చిన..."

"ఆఁ... నొక్కారు."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నొక్కలే సార్. నొక్కుదమనుకునేలోపల్నే... పేరు పోయింది."

ఆ రాత్రి లక్ష్మీకాంత్ మాదన్నపేటలో అన్ని లైట్లూ వేసుకుని ప్రోగ్రాం ముందు పెట్టుకుని కూచున్నాడు. తప్పు తనదే కావాలని దేవుణ్ని మొక్కుకున్నాడు. మొదటి వరస నుంచి చివరి వరస దాకా, వేలు పెట్టి, తెల్లారేదాకా వెతికాడు.

అతని బతుకులో మొదటిసారి, ఒక్క తప్పు కూడా దొరకలేదు.